బజారుకు అడ్డంగా వేసిన టెంటు

ఫోటో తీయొద్దని ఎవరైనా అంటే నాకు ముందు చట్టం గుర్తొస్తుంది, ఆ వెంటనే కోపం వస్తుంది. రెండూ వృత్తి తెచ్చిన జబ్బులే. కరీంనగర్ కోర్టులో వకీలుగా పని చేస్తూ, ఆదివారం వచ్చిందంటే కెమెరా మెడలో వేసుకొని ఊళ్ళ మీద పడే ఆడమనిషిని నేను. హుస్నాబాద్ అంగడిలో గొర్రెల బేరాలు, మరమగ్గాల షెడ్డు బయట బీడీ ముట్టించుకునే మనుషులు, బస్టాండులో గల్ఫ్ నుంచి వచ్చిన పెట్టె మీద తల ఆన్చి నిద్రపోయే ఆడపిల్ల. నాకు ఏమీ కాని మనుషులే నా ఫోటోల నిండా ఉంటారు. అడిగి తీస్తే అందరూ పెళ్లిచూపులకు కూర్చున్నట్టు బిగుసుకుపోతారు. అందుకని అడగను.

ఎవరైనా నిలదీస్తే ఒక ఉపన్యాసం తయారుగా ఉండేది. "అన్నా, ఇది సర్కారు తొవ్వ. తొవ్వ మీద అందరికి కనిపించేది ఫోటో తీసుడు నేరం కాదు. నీ ఇంట్లకు తొంగిచూస్తే నా మీద కేసు పెట్టు." కేసు అన్న మాట చెవిన పడగానే చాలామంది తగ్గేవారు. "నీకు ఇంతవరకు దెబ్బలు పడలేదంటే నల్లకోటు పుణ్యమే," అని మా ఆయన ఎగతాళి చేసేవాడు. నేను కెమెరా లేకుండా చుట్టాల పెళ్లికి కూడా వెళ్ళనని, పెళ్లికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకున్నట్టు ఉంటుందని ఆయన బాధ.

నా ఉపన్యాసం అబద్ధం కాదు, కానీ మొత్తం నిజమూ కాదు. గోప్యత ప్రాథమిక హక్కని దేశంలో పెద్ద కోర్టే చెప్పింది. వ్యక్తిగత సమాచారానికి కొత్తగా ఒక చట్టమూ వచ్చింది. అయినా బజార్లో నడిచే మనిషి ముఖం మీద ఎవరికి హక్కు, తీసిన ఫోటోను అచ్చువేసి అమ్మితే ఏం కావాలి అంటే ఒక్క ముక్కలో తేల్చే సెక్షన్ నాకు కనబడలేదు. లేని సెక్షన్ ఎప్పుడూ కెమెరా పట్టినవాళ్ళ పక్షానే ఉంటుంది.

ఆ ఫోటో శ్రీరాంపూర్‌లో తీశాను. బొగ్గుబాయి కార్మికుల క్వార్టర్లలో ఒక క్లయింటును కలిసి తిరిగి వస్తుంటే, రెండు వరసల క్వార్టర్ల నడుమ బజారుకు అడ్డంగా టెంటు వేసి ఉంది. లోపల పెళ్లి జరుగుతోంది. అక్కడ ఫంక్షన్ హాలు మాట్లాడుకునే స్తోమత ఉన్నా చాలామంది బజార్లోనే పెళ్లి చేస్తారు. బంధువులంతా ఆ వరసల్లోనే ఉంటారు కాబట్టి. దారి లేక నేను ఒక క్వార్టర్ మెట్లెక్కి నిలబడ్డాను. అప్పుడే పెళ్లికూతురిని గంపలో కూర్చోబెట్టి మండపానికి తెస్తున్నారు. మా దిక్కు ఆ గంప మేనమామ మోయాలి. వెనకవైపు ఇద్దరు బంధువులు పట్టుకున్నా, ముందు బరువంతా మేనమామదే.

ఆ మేనమామ యాభై దాటిన మనిషి. గంప అంచు రొమ్ముకు ఆన్చుకొని, మెడ నరాలు తేలి, పళ్ళు బిగించి అడుగు వేస్తున్నాడు. గంపలో పెళ్లికూతురు తల వంచుకొని ఉంది. నేను రెండు మూడుసార్లు నొక్కాను. నన్నెవరూ పట్టించుకోలేదు. పెళ్లిలో అందరి చేతుల్లోనూ ఫోన్లే ఉన్నాయి, ఎవరిని ఎవరు చూస్తారు. ఇంటికొచ్చి కంప్యూటర్‌లో చూస్తే ఫోటో కింది సగం చిందరవందరగా ఉంది. ఎవరో ఆడమనిషి వీపు, చీర కుచ్చిళ్ళు, గంప కింద వేలాడే పసుపు బట్ట. అదంతా కోసేసి పైసగం ఉంచుకున్నాను. అప్పుడు ఆ ముఖం, ఆ గంప, వంచిన ఆ తల మాత్రమే మిగిలాయి. ఎన్నేళ్ళుగానో తీస్తున్నాను కానీ అంత మంచి ఫోటో నా చేతికి రాలేదు.

హైదరాబాద్‌లో ఒక ప్రచురణకర్త నా ఫోటోలతో పుస్తకం వేస్తానని ముందుకొచ్చాడు. అట్ట మీద ఏది వేయాలన్న దగ్గర మాకు వాదమే రాలేదు. ఆయన ఆ అట్టను ఫేస్‌బుక్‌లో పెట్టాడు. బొగ్గు ఊళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో అది చేతులు మారుతూ తిరిగింది. నేను మురిసిపోయానని చెప్పడానికి సిగ్గేమీ లేదు.

కొన్నాళ్ళకు ఒక మధ్యాహ్నం నా చాంబర్ మెట్ల మీద ఎవరో ఆగి ఆగి ఎక్కుతున్న చప్పుడు. లోపలికి వచ్చిన మనిషి తలుపు పట్టుకొని ఊపిరి తీసుకున్నాడు. ముఖం చూడగానే గుర్తుపట్టాను. అట్ట మీది మేనమామే.

"నేనే మేడం, గీ పుస్తకం మీదున్నది," అన్నాడు ఫోన్ తీసి చూపిస్తూ.

ఇలా వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు సాధారణంగా ఒక కాపీ అడుగుతారు, లేదా కింద పేరు వేయమంటారు. నేను కుర్చీ చూపించి, "కూసో అన్నా. ఫోటో మస్తుగొచ్చింది గదా," అన్నాను.

"మస్తుగనే వచ్చింది. తీసెయ్యాలె."

నా ఉపన్యాసం మొదలుపెట్టాను. సర్కారు తొవ్వ, అందరికీ కనిపించేది, నేరం కాదు. అతను చివరిదాకా విన్నాడు.

"తొవ్వ సర్కారుదే మేడం, నేను కాదంటలేను. కానీ టెంటేసినం గద. టెంటేసినంక అది మా ఇల్లే."

"టెంటేస్తే తొవ్వ నీదైతదా? రేపు నేను కోర్టు ముంగట టెంటేస్త. కోర్టు నాదైతదా?"

అతను నవ్వలేదు. "గా దినం నీళ్ళ ట్యాంకరొస్తే చుట్టు తిరిగి పొమ్మన్నం. పోయిండు. ఒక్కమాట అనలే. టెంట్ల పెండ్లైతుందంటే గా జాగ గా ఇంటోళ్ళదే. మా దిక్కు అందరికి తెలుసు. పిలిచినోళ్ళే లోపటికి వస్తరు."

నన్ను పిలవలేదన్నది అతను నోటితో అనలేదు. ఎదురుగా జడ్జి ఉంటే నా దగ్గర జవాబుంది. ఆ మనిషి ముందు మాత్రం వాదించాలనిపించలేదు. చట్టపుస్తకాలు ఒక మనిషి ఎక్కడెక్కడ ఏకాంతం ఆశించవచ్చో చెప్పడానికి పేజీలకు పేజీలు ఖర్చు చేస్తాయి. అతను ఒక్క నీళ్ళ ట్యాంకరుతో తేల్చేశాడు. కోపం తగ్గించుకొని, అసలు ఎందుకు తీసేయాలని అడిగాను.

అప్పుడు చెప్పాడు. ముప్పై ఏళ్ళుగా బాయి దిగుతున్నాడు. నడుము పూసలు అరిగాయి, ఊపిరి కూడా సరిగా ఆడదు. బాయి పనికి ఒళ్ళు పనికిరాదని డాక్టర్ల బోర్డు తేలిస్తే అతని కొలువు కొడుక్కు వస్తుంది. బొగ్గు ఊళ్ళలో అంతకు మించిన ఆస్తి లేదు. కొడుకు ఐటీఐ చదివి మంచిర్యాలలో ఒక ఫోన్ల దుకాణంలో కూర్చుంటున్నాడు. వచ్చే ఏటికి కొలువు వయసు దాటిపోతుంది. బోర్డు ముందుకు పోవాల్సింది వచ్చే నెలలోనే.

"గీ ఫోటో ఎవడన్న తీస్కపోయి బోర్డుకు సూపెట్టిండనుకో. పెండ్లిపిల్లను గంపల మోసినోడు, వీనికేం రోగమని అంటరా అనరా? నా కొడుకు బతుకు ఆగమైతది మేడం."

వకీలుకు అనుమానం వెన్నతో పెట్టిన విద్య. "నువ్వు నిజంగ మోసినవా?" అని అడిగాను.

"మోసిన."

"డాక్టర్లు బరువు ఎత్తద్దన్నంక?"

"మేనమామను గద. పిల్లగాని తరపోళ్ళు ముందుగాల్నే చెప్పిండ్రు, మేనమామ మోస్తెనే మంచిదని. మోసిన."

ఈ మాట నాతో అనలేదు, గోడ మీది క్యాలెండర్‌తో అన్నాడు. దొంగరోగం పెట్టుకున్న మనిషే అలా గోడవైపు చూస్తాడనుకున్నాను. ఆలోచిస్తానని చెప్పి పంపించాను. అతను మెట్లు దిగుతూ మధ్యలో ఆగిన చప్పుడు మళ్ళీ వినబడింది.

ఆ సాయంత్రం చిరాకుగా అసలు ఫోటో తెరిచాను. ముఖం కనబడకుండా ఇంకోలా కోయడానికి వీలుందేమో చూద్దామని. కింది సగం చిందరవందరని తీసేసిన భాగాన్ని పెద్దది చేసి చూశాను. గంప కింద ఒక ఆడమనిషి వంగి ఉంది. నడుం మడిచి, గంప అడుగును వీపు మీదికి తీసుకొని, ఒక చేత్తో మోకాలిని పట్టుకొని ఉంది. తల కొంగుతో కప్పేసుకుంది. గంపకు వేలాడే పసుపు బట్ట ముందున్న జనానికి అడ్డం. వెనక పట్టుకున్నవాళ్ళకు గంపే అడ్డం. పక్కన మెట్ల మీద నిలబడ్డ నాకు తప్ప ఆమె ఎవరి కంటా పడి ఉండదు. నేనేమో అందం చెడగొడుతోందని ఆమెను కోసేశాను. బరువంతా ఆమె వీపు మీద ఉంది. మేనమామ చేతులు ఊరికే అంచు పట్టుకొని ఉన్నాయి.

నాకు మహా సంతోషమైంది. ఎవరో పక్కింటి ఆమె సాయం చేసి ఉంటుందనుకున్నాను. ఈ ఫోటో మొత్తంగా చూపిస్తే బోర్డు ముందు అతనికి ఇంతకంటే గట్టి సాక్ష్యం ఇంకోటి ఉండదు. నా అట్టా మిగులుతుంది, అతని కొడుక్కు కొలువూ వస్తుంది. వెంటనే ఫోన్ చేసి రమ్మన్నాను. "ఫికర్ చెయ్యకు అన్నా, నీకు పనికొచ్చేదే దొరికింది," అని కూడా చెప్పాను.

రెండోసారి వచ్చినప్పుడు ఊపిరి సర్దుకోనిచ్చి, కంప్యూటర్ అతని వైపు తిప్పాను. "చూడు, నువ్వు మొయ్యలే. గీమె మోసింది. గిది బోర్డుకు చూపెట్టు," అన్నాను.

అతను కళ్ళు చిట్లించి తెరకు దగ్గరగా వంగాడు. ముఖంలో మొదట ఏమీ మారలేదు. తరువాత చెయ్యి చాచి, ఆ కొంగు మీద వేలు పెట్టాడు.

"గీ చీర నేనే తెచ్చిన మేడం."

బిడ్డ పెళ్లిలో తల్లికి పుట్టింటివాళ్ళు చీర పెట్టాలి. ఆ పెళ్లిరోజు పెళ్లికూతురి తల్లి ఒంటి మీద ఉండేది తమ్ముడు పెట్టిన చీరే. ఆకుపచ్చది, ఎర్ర అంచుది. మంచిర్యాలలో దుకాణాలన్నీ తిరిగి తెచ్చాడట. గంప కింద వంగి ఉన్నది అతని అక్క.

నేను మంచినీళ్ళ గ్లాసు ముందుకు జరిపితే అతను తాగలేదు. "నేనే మోసిన అనుకున్న మేడం," అన్నాడు.

అప్పుడు అతను చెప్పింది నేను ఊహించనిది. బిందె నీళ్ళు ఎత్తితే నడుము పట్టేసే మనిషి, ఆ రోజు భయంతో పళ్ళు బిగించి పట్టుకుంటే గంప తేలిగ్గా లేచింది. దేవుడే బలమిచ్చాడనుకొని మురిసిపోయాడు. అక్క అందరి ముందూ, "నా తమ్ముడు నా బిడ్డను పువ్వు లెక్క తెచ్చిండు," అని చెప్పుకుంది. ఆ సంతోషం వారం కూడా నిలవలేదు. "అంత బరువు మోసిన అంటె నాకు రోగం లేనట్టేనా? కొడుకు కొలువు కోసం దొంగరోగం చేస్తున్ననా? ఇంటిదాన్నడిగిన, డాక్టర్నడిగిన. బోర్డు పేరెత్తితె నాకే ఇజ్జత్ పోయినట్టయ్యేది. మొన్న నువ్వడిగినప్పుడు గూడ నీ మొఖం చూడరాలే." ఆ మాటతో నేను గోడవైపు చూపుకు చెప్పుకున్న అర్థం తప్పని తేలింది. అతను దొంగ కాదు. తాను దొంగనేమోనని లోలోపల కుమిలిపోతున్న నిజమైన రోగి.

"మంచిదే గదా మరి," అన్నాను నేను. "ఇప్పుడు నీ రోగం నిజమే అని రుజువైంది. గీ ఫోటో తీస్కపో."

అతను తల అడ్డంగా ఊపాడు. "తల్లి మొయ్యద్దు మేడం. తల్లి మోసిందంటె గా పిల్లకు మేనమామ లేనట్టు. మా అక్కకు పుట్టిల్లు లేనట్టు. గా పిల్లగాడు పెండ్లి చేస్కొని దుబాయి పోయిండు. పోయిన నెలకే పనికాడ మీదికెల్లి పడి కాలిరగ్గొట్టుకున్నడు. ఇప్పటికే పిల్ల అడుగు మంచిది కాదని సణుగుతున్నరు. గిది తెలిస్తె బతకనిస్తరా?"

బోర్డుకు మాత్రమే చూపిద్దాం, ఇంకెవరికీ తెలియదన్నాను. అతను నన్ను చిన్నపిల్లను చూసినట్టు చూశాడు. కాగితాలు కట్టే క్లర్కు ఏ వరసలో ఉంటాడో, అతని వదిన ఏ క్వార్టర్లో ఉంటుందో చెప్పాడు. మధ్యాహ్నం బోర్డు ముందు అన్న మాట పొద్దుగూకకముందే పక్కనున్న నస్పూర్ దాకా పోతుందన్నాడు. నా వృత్తిలో గోప్యంగా ఉంచుతామని రాసి ఇచ్చే కాగితాలు బోలెడు. వాటి విలువ ఎంతో నాకు తెలుసు.

"సగం ఏసినా నా కొడుకు పాయె. మొత్తం ఏసినా మా అక్క పాయె. రెండూ వద్దు మేడం. తీసెయ్యి జర," అని లేచాడు.

తీసేయించాను. ప్రచురణకర్త ఊరుకోలేదు. "మీరే లాయరు కదండీ, చట్టం మన పక్షాన ఉందని మీరే అన్నారు. కేసు పడితే మీరే వాదించుకోవచ్చు," అన్నాడు. "నోరు మూసుకొని మార్చు," అన్నాను, అంతకంటే మర్యాదైన మాట ఆ పూట నా దగ్గర లేదు. ఫేస్‌బుక్‌లోంచి అట్ట తీసేశారు. దాని బదులు హుస్నాబాద్ గొర్రెలను వేశారు. గొర్రెలకు గోప్యత హక్కు లేదు, కొడుకుల కొలువుల బాధా లేదు. పుస్తకం బాగానే ఉందన్నారు చూసినవాళ్ళు.

తీసేయించడం వరకే నా చేతుల్లో ఉంది. ఒకసారి బయటపడ్డదాన్ని చెరిపించుకునే హక్కు మీద కోర్టుల్లో వాదనలు నడుస్తూనే ఉన్నాయి, నేనూ ఒకటి రెండు వాదించాను. తీర్పులు ఎలా వచ్చినా జనం ఫోన్లలోకి ఏ కోర్టు అమీనా వెళ్ళి జప్తు చేయలేడు.

బోర్డు అయిన మరునాడు అతని నుంచి ఫోన్ వచ్చింది. మామూలు గొంతుతోనే మాట్లాడాడు. డాక్టర్లు చెయ్యి పట్టి చూశారట, వంగమన్నారట, ఎక్స్‌రేలు వెలుతురుకు పెట్టి చూశారట. అంతా అయిపోయిందనుకొని చొక్కా తొడుక్కుంటుంటే ఒకాయన తన ఫోన్ తీసి బల్ల మీద పెట్టాడట. నా పుస్తకం పాత అట్ట. ఎవరు పంపారో తెలియదు.

"నువ్వేనా అని అడిగిండు మేడం. నేనే అన్న. ఉత్తగ పట్టుకున్నవా, నిజంగ మోసినవా అని అడిగిండు. సార్ మంచోడే, నేను పట్టుకున్న అంటె రాసుకుందామనే అడిగిండు."

"ఏమన్నవు?"

"మోసిన అన్న."

నాకు ఒళ్ళు మండిపోయింది. "బుద్ధుందా నీకు? అక్క పేరు చెప్పకున్నా, ఉత్తగ పట్టుకున్న అని ఒక్కమాట అంటే అయిపోయేది గదా! కొడుకు మొఖం గుర్తుకు రాలేదా?" అని అరిచాను. పక్క చాంబర్ వకీలు తలుపు దగ్గరికొచ్చి చూసి పోయాడు.

"ఉత్తగ పట్టుకుంటె మోసింది ఎవలని అడుగుతరు గద మేడం," అన్నాడు. ఫిట్ అని రాశారట. ఎల్లుండి నుంచి మళ్ళీ బాయి దిగాలి, మొదటి షిఫ్టు. కొడుకు నిన్నటి నుంచి మాట్లాడడం లేదట, వాడి కోపంలో తప్పు లేదన్నాడు.

ఇంకోసారి బోర్డుకు పెట్టుకోవచ్చు, కోర్టుకూ పోవచ్చు, ఫీజు లేకుండా నేనే చూస్తానన్నాను. మళ్ళీ అడిగితే మళ్ళీ అదే చెప్తానన్నాడు. నాకు కోపం పోయి దుఃఖం వచ్చింది. "మీ అక్కకన్న చెప్పు, ఆమె కోసం నువ్వేం చేసినవో," అన్నాను.

"వద్దు మేడం. నేనే మోసిన అనుకొని నేను ఖుషీగున్న అని మా అక్క ఖుషీగున్నది. గట్లనే ఉండనియ్యి."